మాట ఇచ్చిన చోట్లు: పిట్స్‌బర్గ్ నుంచి ఈరీ దాకా ఆరు రోజుల దారి

పిట్స్‌బర్గ్ వెళ్లే తెలుగువాళ్లలో చాలామందికి ఆ ఊరంటే పెన్ హిల్స్ కొండ మీది వెంకటేశ్వరస్వామి గుడి. దర్శనం, కింద క్యాంటీన్‌లో పులిహోర, దోసె, ఆపైన తిరుగు ప్రయాణం. గుడికి పది మైళ్ల లోపే బ్రాడక్ ఉంది. 1875 నుంచి ఉక్కు కరుగుతున్న ఊరు అది. అక్కడి నుంచి మొనంగహీలా నది వెంట దక్షిణానికీ, ఒహాయో నది దాటి యంగ్స్‌టౌన్‌కూ, ఆపైన ఈరీ సరస్సు ఒడ్డుకూ వెళితే అమెరికా ఓటరు కోపం ఎక్కడ పుట్టిందో నేల మీదే కనిపిస్తుంది. ఈ ఊళ్లకు అధ్యక్షులు వచ్చారు, నిలబడి మాట ఇచ్చారు. ఏ తేదీన, ఏ స్థలంలో అన్నది కూడా రికార్డులో ఉంది. ఆ స్థలాలకే వెళ్లి, ఆ మాటలు ఏమయ్యాయో చూసుకుంటూ సాగే దారి ఇది.

మే నుంచి అక్టోబరు మధ్య వెళ్లండి. పాత బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుప ఖనిజం కరిగించే పెద్ద కొలిమి) చూపించే టూర్లు ఆ నెలల్లోనే నడుస్తాయి. నవంబరు దాటితే ఈరీ వైపు సరస్సు మీది మంచు గంటల్లో అడుగుల లెక్కన పడుతుంది. కారు లేకుండా ఈ దారి తిరగలేం. మొత్తం 450 మైళ్లకు పైనే అవుతుంది. అద్దె కారు తీసుకునేటప్పుడే టోల్ సంగతి తేల్చుకోండి. పెన్సిల్వేనియా టర్న్‌పైక్‌లో 2020 నుంచి నగదు తీసుకోవడం లేదు. నంబరు ప్లేటు ఫొటో తీసి బిల్లు పంపుతారు, దాని మీద అద్దె కంపెనీ తన చార్జీ వేస్తుంది. కింద చెప్పిన రోడ్లలో వెళితే టర్న్‌పైక్ ఎక్కాల్సిన పని లేదు. ఆది, సోమవారాల్లో చిన్న మ్యూజియంలు మూసి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి యంగ్స్‌టౌన్ రోజు శుక్రవారం పడేలా చూసుకోండి. అంటే మంగళవారం మొదలుపెట్టాలి.

ఇంకో మాట. ఎక్కడైనా ఎవరితోనైనా మాట కలిపితే ‘ఎవరికి ఓటేశారు’ అని మొదలుపెట్టకండి. ‘మీ ఇంట్లో ఎవరైనా ప్లాంట్‌లో పనిచేశారా’ అని అడగండి. రెండో ప్రశ్నకు దొరికే జవాబులోనే మొదటిదాని జవాబూ ఉంటుంది.

మొదటి రోజు: హోమ్‌స్టెడ్, ర్యాంకిన్, బ్రాడక్

ఉదయం క్యారీ ఫర్నేస్‌తో మొదలుపెట్టండి. నదికి ఉత్తరపు ఒడ్డున ర్యాంకిన్ వంతెన పక్కన రెండు బ్లాస్ట్ ఫర్నేస్‌లు, 6, 7 నంబర్లవి, తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి. ఎత్తు 92 అడుగులు. 2006లో వీటిని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. ఏ రోజుల్లో టూరు ఉందో చూసుకుని టికెట్ ముందే తీసుకోవాలి. చెప్పులతో వస్తే లోపలికి రానివ్వరు, వేళ్లు మూసే బూట్లు తప్పనిసరి. టూరు రెండు గంటల దాకా పడుతుంది. విశాఖ ఉక్కు టౌన్‌షిప్‌లో పెరిగినవాళ్లకు ఖనిజం, కోక్ (బట్టీలో కాల్చిన బొగ్గు), సున్నపురాయి లెక్క కొత్త కాదు. పైనుంచి వాటిని పోయడం, కింద నుంచి వేడి గాలి కొట్టడం, అడుగున ఇనుము తీయడం అన్నీ తెలిసినవే. ఇక్కడ గమనించాల్సింది మనుషులు నిలబడిన చోట్లు. ఒక్కో పనికి ఎందరు కావాల్సి వచ్చేదో అడిగి తెలుసుకోండి. 1980 ప్రాంతంలో అమెరికాలో ఒక టన్ను ఉక్కుకు సుమారు పది పనిగంటలు పట్టేవి. ఇప్పుడు రెండు గంటల లోపే. పోయిన ఉద్యోగాలన్నీ విదేశాలకే వెళ్లాయనే వాదన ఈ ఒక్క లెక్క దగ్గరే తేలిపోతుంది. మెషీన్లు వచ్చాయి, తుక్కును కరెంటుతో కరిగించే చిన్న మిల్లులు వచ్చాయి, వాటితోపాటు దిగుమతులూ వచ్చాయి.

నది దాటితే హోమ్‌స్టెడ్. 1892 జులై 6న కార్నెగీ కంపెనీ రప్పించిన పింకర్టన్ అనే ప్రైవేటు ఏజెన్సీకి చెందిన 300 మంది కాపలాదారులు పడవల్లో వచ్చి దిగబోతే కార్మికులు అడ్డుకున్నది ఈ ఒడ్డునే. అప్పటి పంప్‌హౌస్ ఇంకా ఉంది. 1986లో మిల్లు మూసేశారు. ఆ స్థలంలో ఇప్పుడు వాటర్‌ఫ్రంట్ అనే షాపింగ్ సముదాయం, పార్కింగ్ పక్కన వరసగా 12 ఇటుక చిమ్నీలు. సినిమా హాలు, రెస్టారెంట్లు అన్నీ కళకళలాడుతూనే ఉంటాయి. పని మాయం కాలేదు, దాని జీతం మారింది. వారానికి ఎన్ని గంటలు పని దొరుకుతుందో వారం ముందు దాకా తెలియని ఉద్యోగం ఒకటి. ముప్ఫయ్యేళ్లు చేస్తే పెన్షన్ వచ్చే ఉద్యోగం మరొకటి. రెంటినీ ‘ఒక ఉద్యోగం’ అనే ఖాతాలోనే రాస్తే ప్రభుత్వ లెక్క సరిపోతుంది, ఇంటి లెక్క సరిపోదు.

బ్రాడక్‌కు మధ్యాహ్నం తర్వాత వెళ్లండి. ఎడ్గర్ థామ్సన్ మిల్లు ఇంకా నడుస్తోంది. గేటు దగ్గర ఫొటోలు తీస్తే సెక్యూరిటీ వచ్చి అడుగుతారు, రోడ్డు అవతల ఫుట్‌పాత్ మీద నిలబడి తీసుకోండి. ఒకప్పుడు ఇరవై వేల మంది ఉన్న ఊళ్లో 2020 జనగణన నాటికి రెండు వేల మంది కూడా లేరు. 2010లో ఆసుపత్రి సైతం మూతపడింది. మిల్లు నడుస్తున్నా ఊరు ఎందుకు ఖాళీ అయిందో ఇందాకటి పనిగంటల లెక్కే చెబుతుంది.

ఈ మిల్లు యజమాని యూఎస్ స్టీల్‌ను 1,490 కోట్ల డాలర్లకు కొంటామని జపాన్‌కు చెందిన నిప్పన్ స్టీల్ 2023 డిసెంబరులో ప్రకటించింది. 2024 ఎన్నికల్లో రెండు పార్టీలూ వద్దన్నాయి. యూనియన్ జాతీయ నాయకత్వమూ వద్దంది. ఈ లోయలోని కార్మికుల్లో మాత్రం చాలామంది, స్థానిక యూనియన్ నాయకులతో సహా, కావాలన్నారు. మిల్లుల్లో పెట్టుబడి పెడతామని ఆ కంపెనీ రాసివ్వడమే కారణం. 2025 జనవరిలో బైడెన్ ఆపేశారు. జూన్‌లో ట్రంప్ ప్రభుత్వం తనకో ‘గోల్డెన్ షేర్’ (కంపెనీ ముఖ్య నిర్ణయాలకు అడ్డుచెప్పగల వాటా) ఉంచుకుని ఒప్పుకుంది. విదేశీ అంటేనే ఇక్కడివాళ్లకు పడదనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి. ఈ లోయలో దశాబ్దాలుగా కొత్త బ్లాస్ట్ ఫర్నేస్ పెట్టని స్వదేశీ యజమాని మీద కూడా వీళ్లకు అంతే కోపం ఉంది.

రెండో రోజు: నది వెంట మొనెస్సన్‌కు

837 నంబరు రోడ్డు పట్టుకోండి. ముప్ఫై మైళ్ల లోపే, కానీ సగం రోజు పడుతుంది. రైలు గేట్ల దగ్గర ఆగాలి, పాత వంతెనల మరమ్మతుల వల్ల మళ్లింపులు ఉంటాయి. వెస్ట్ మిఫ్లిన్‌లోని ఇర్విన్ ప్లాంట్‌లో 2025 మే 30న ట్రంప్ ఉక్కు దిగుమతి సుంకాన్ని 25 నుంచి 50 శాతానికి పెంచుతున్నామని ప్రకటించారు. దానికి దక్షిణాన క్లెయిర్టన్, దేశంలోకెల్లా పెద్ద కోక్ ప్లాంట్. అద్దాలు దించితే వాసన తెలుస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లు దించకండి. 2025 ఆగస్టు 11న అక్కడ జరిగిన పేలుడులో ఇద్దరు కార్మికులు చనిపోయారు.

మొనెస్సన్ చేరాక కాస్త ఆగాలి. 1930లో ఇరవై వేల జనాభా, ఇప్పుడు ఏడు వేల లోపు. ఉక్కు మిల్లు 1986లో మూతపడింది. ఈ చిన్న ఊరికి 1962 అక్టోబరు 13న కెన్నెడీ వచ్చారు. 2016 జూన్ 28న అభ్యర్థిగా ట్రంప్ వచ్చి, అల్యూమినియం తుక్కు దిమ్మెల ముందు నిలబడి, విదేశీ వ్యాపార ఒప్పందాలను తిరగరాస్తామన్నారు. ఈ రెండు ప్రసంగాలనూ కలిపేది ఒక చట్టం.

మొనెస్సన్ రావడానికి రెండు రోజుల ముందే, అక్టోబరు 11న, కెన్నెడీ వాణిజ్య విస్తరణ చట్టం మీద సంతకం చేశారు. సుంకాలు తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చిన చట్టం అది. సుంకం తగ్గడం వల్ల ఎవరి ఉద్యోగమైనా పోతే ప్రభుత్వమే భత్యమిచ్చి, కొత్త పని నేర్పిస్తుందనే మాట కూడా అందులోనే ఉంది. ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్ అన్నారు దాన్ని. 1969 చివరి దాకా ఒక్క కార్మికుల అర్జీ కూడా మంజూరు కాలేదు. సుంకం తగ్గడమే ప్రధాన కారణమని రుజువు చేయాలన్న నిబంధనే అందుకు కారణం. 1974లో సడలించారు. తర్వాత నడిచిన పద్ధతి ఇది. ముగ్గురు కార్మికులు గానీ, యూనియన్ గానీ, కంపెనీ గానీ లేఆఫ్ అయిన ఏడాదిలోపు కార్మిక శాఖకు అర్జీ పెట్టాలి. శాఖ విచారించి సర్టిఫై చేయాలి. ఆ తర్వాత గడువులోపు శిక్షణలో చేరాలి. నిరుద్యోగ భృతి అయిపోయాక వారం భత్యం మొదలవుతుంది.

కాగితం మీద బాగానే ఉంది. తేడా వచ్చింది గడువుల దగ్గర. 2002 చట్టం ప్రకారం సర్టిఫై అయిన 8 వారాల్లో, లేదా లేఆఫ్ అయిన 16 వారాల్లో, ఏది తర్వాత వస్తే అప్పటికి చేరిపోవాలి. దాటితే భత్యం పోతుంది. యాభై రెండేళ్ల మనిషి, స్కూలు వదిలి ముప్ఫయ్యేళ్లయినవాడు, ఆ కాస్త వ్యవధిలో దొరికిన కోర్సులో చేరేవాడు. కోర్సు పూర్తయ్యేసరికి ఆ ఊళ్లో ఆ పని ఉండేది కాదు. మిల్లుకు విడిభాగాలు సరఫరా చేసే కంపెనీలవాళ్లకు 2002 దాకా ఈ సాయం సరిగా వర్తించలేదు, సేవారంగంవాళ్లకు 2009 దాకా లేదు. 2022 జులై 1 నుంచి కాంగ్రెస్ పొడిగించకపోవడంతో కొత్త అర్జీల మంజూరు ఆగిపోయింది. రద్దు చేస్తున్నామని సభలో లేచి చెప్పినవాళ్లు లేరు, గడువు దానంతటదే తీరిపోయింది. అదే 1962 చట్టంలోని 232వ సెక్షన్ మాత్రం బతికే ఉంది. 2018 మార్చిలో ఉక్కు మీద 25 శాతం సుంకం వేసింది దాని కిందనే. చట్టంలో కార్మికుడికి ఇచ్చిన మాట చచ్చిపోయి, అధ్యక్షుడికి ఇచ్చిన అధికారం మిగిలింది.

మూడో రోజు: వీర్టన్, ఈస్ట్ లివర్‌పూల్

పిట్స్‌బర్గ్ నుంచి యూఎస్ 22 మీద పడమరగా వెళితే గంటలోపే వెస్ట్ వర్జీనియాలోని వీర్టన్. 1984లో ఇక్కడి కార్మికులు జీతాలు తగ్గించుకుని మిల్లును తామే కొనుక్కున్నారు. 2003లో దివాలా తీసింది. ఆ మిల్లులో చివరిదాకా నడిచింది డబ్బాలకు వాడే తగరపు రేకు విభాగం. అదీ 2024లో ఆగింది, 900 మంది పని పోయింది. ఆగిన తీరు తెలుసుకోవాలి. చౌకగా తెచ్చి పోసే సరుకు మీద సుంకం పడాలంటే రెండు గడపలు దాటాలి. డంపింగ్ జరిగిందా, ఎంత శాతం అనేది వాణిజ్య శాఖ తేలుస్తుంది. దానివల్ల ఇక్కడి పరిశ్రమకు నష్టం జరిగిందా అనేది అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ వేరే తేలుస్తుంది. మొదటి గడప దాటింది. రెండో గడప దగ్గర 2024 ఫిబ్రవరిలో 4–0తో నష్టం లేదన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. డబ్బాలు చేసే కంపెనీలకు, ఆహార కంపెనీలకు అది ఊరట, వాళ్ల కార్మికులకూ అంతే. రెండు వైపులా మనుషులు ఉన్నారని మరిచిపోకూడదు.

నది వెంట ఉత్తరానికి ఈస్ట్ లివర్‌పూల్, ఒకప్పటి పింగాణీ రాజధాని. సెరామిక్స్ మ్యూజియం తెరిచి ఉంటే గంట చాలు. నది దాటడానికి యూఎస్ 30 వంతెన వాడండి, పక్కనున్న న్యూవెల్ వంతెనకు టోల్ ఉంది. అక్కడి నుంచి ఒహాయో 11 మీద నలభై మైళ్లు, యంగ్స్‌టౌన్.

నాలుగో రోజు: యంగ్స్‌టౌన్

రోజంతా ఇక్కడే ఉండండి. 1930లో 1,70,002 మంది, 2020లో 60,068 మంది. ఉదయం వుడ్ వీధిలోని పరిశ్రమ, కార్మిక చరిత్ర కేంద్రానికి వెళ్లండి. మైకేల్ గ్రేవ్స్ గీసిన కట్టడం. కార్మికుల లాకర్ గది, పనిముట్లు, కంపెనీ ఇళ్ల గది అన్నీ నిండు కొలతల్లో నిలబెట్టారు. తర్వాత నాలుగైదు మైళ్ల దూరంలోని క్యాంప్‌బెల్‌కు వెళ్లండి. 1918 ప్రాంతంలో షీట్ అండ్ ట్యూబ్ అనే ఉక్కు కంపెనీ కాంక్రీటు పలకలు పోతపోసి కట్టిన కార్మికుల ఇళ్ల వరసలు ఇంకా ఉన్నాయి. కొన్ని కూలాయి, కొన్నింట్లో మనుషులున్నారు. వీధిలో నడవండి, ఖాళీ ఇళ్లలోకి మాత్రం దూరకండి. నేల విరుగుతుంది, పైగా అది ఎవరో ఒకరి ఆస్తి.

1977 సెప్టెంబరు 19, సోమవారం. క్యాంప్‌బెల్ వర్క్స్ అనే ఉక్కు మిల్లును మూసేస్తున్నామని ఆ కంపెనీ ప్రకటించింది. సుమారు అయిదు వేల మంది పని పోయింది. ఈ లోయలో ఆ రోజును బ్లాక్ మండే అంటారు, పెద్దవాళ్లకు ఇప్పటికీ తేదీ నోటికి వస్తుంది. జపాన్ ఉక్కే చంపిందని అప్పుడు అన్నారు. అది సగం నిజం. 1969లో న్యూ ఆర్లీన్స్‌కు చెందిన లైక్స్ అనే ఓడల కంపెనీ అప్పు చేసి ఈ మిల్లును కొంది. మిల్లు సంపాదన ఆ అప్పుకే పోయింది. జపాన్ ఆక్సిజన్ ఫర్నేస్‌లకు మారిపోయినా ఇక్కడ ఓపెన్ హార్త్‌లనే పాతకాలపు కొలుములే కొనసాగాయి. పైగా ఊరు సరస్సు ఒడ్డున లేదు. ఖనిజం ఓడలో వచ్చి, మళ్లీ రైలెక్కి రావాలి, టన్నుకింత అదనం.

ఈ రవాణా సమస్యకు కాలువ తవ్విస్తామని దశాబ్దాలు మాట ఇచ్చిన మనిషి మైకేల్ కిర్వన్. 1937 నుంచి 1970లో చనిపోయేదాకా ఈ ఊరి కాంగ్రెస్ సభ్యుడు. ఈరీ సరస్సును ఒహాయో నదితో కలిపే కాలువ. అది తవ్వలేదు.

మూసివేత ప్రకటన వచ్చిన కొద్ది రోజుల్లోనే లక్షకు పైగా సంతకాలు బస్సుల్లో వాషింగ్టన్ చేరాయి. మతపెద్దలు, కార్మికులు కలిసి మిల్లును ఊరే కొనుక్కునేలా పథకం వేశారు. ‘లోయను కాపాడుదాం’ అని బ్యాంకుల్లో ప్రత్యేక ఖాతాలు తెరిచి జనం సొంత డబ్బు వేశారు. 24.5 కోట్ల డాలర్ల అప్పుకు కేంద్రం పూచీ ఉంటే చాలన్నారు. 1979లో కార్టర్ ప్రభుత్వం కాదంది. సరిగ్గా ఆ ఏడాది చివర్లోనే క్రైస్లర్ కార్ల కంపెనీకి 150 కోట్ల డాలర్ల పూచీ ఇచ్చేందుకు కాంగ్రెస్ ఒప్పుకుంది. ఊరు అడిగితే లేని డబ్బు కంపెనీ అడిగితే ఎలా వచ్చిందన్న ప్రశ్న ఈ లోయలో అప్పుడే పుట్టింది. మూసేముందు అరవై రోజుల నోటీసు ఇవ్వాలనే చట్టం 1988లో గానీ రాలేదు. అదీ వంద మంది లేదా అంతకు పైన ఉన్న యాజమాన్యాలకే.

ఓటరు చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1978లోనే అప్పటి డెమొక్రాట్ సభ్యుడు చార్లెస్ కార్నీని ఓడించి రిపబ్లికన్‌ను గెలిపించారు. తర్వాత 1984లో జేమ్స్ ట్రాఫికెంట్. అతను షెరీఫ్‌గా (కౌంటీ పోలీసు అధికారిగా) ఉన్నప్పుడు, పని పోయి కిస్తీలు కట్టలేని కార్మికుల ఇళ్ల జప్తు కాగితాల మీద సంతకం చేయనని జైలుకు వెళ్లాడు. లంచం కేసులో 1983లో లాయరు లేకుండా తానే వాదించుకుని గెలిచాడు. 2002లో పది నేరాల్లో దోషిగా తేలి, 420–1 ఓట్లతో కాంగ్రెస్ నుంచి బహిష్కృతుడయ్యాడు. ఆ నవంబరులో జైలు నుంచే పోటీ చేస్తే వందకు పదిహేను ఓట్లు పడ్డాయి. బయటివాళ్లు దీన్ని చూసి ఈ ఊరిని తప్పుపడతారు. ఇంటి తాళం బ్యాంకు చేతికి పోకుండా అడ్డుపడ్డ ఒకే ఒక్క అధికారిని జనం గుర్తుపెట్టుకోవడంలో వింతేముంది? అతను తీసుకున్న లంచాలు నిజమే. ఆ కృతజ్ఞత కూడా నిజమే.

పాతుకుపోయిన నేతలను ఎన్నికల్లో దించడం ఎందుకు కష్టమో ఒహాయో బాగా నేర్పుతుంది. 1992లో ఈ రాష్ట్ర ఓటర్లు పదవీకాలానికి పరిమితి పెట్టారు, కాంగ్రెస్ సభ్యులకు కూడా. 1995లో సుప్రీంకోర్టు కాంగ్రెస్ సభ్యులకు రాష్ట్రాలు పరిమితి పెట్టలేవని కొట్టేసింది. రాష్ట్ర శాసనసభలో మాత్రం పరిమితి మిగిలింది. ఆ సభ స్పీకర్ ల్యారీ హౌస్‌హోల్డర్ ఒక విద్యుత్ కంపెనీ నుంచి 6 కోట్ల డాలర్లు అందుకుని, అణు విద్యుత్ ప్లాంట్లకు జనం బిల్లుల్లోంచి వంద కోట్లకు పైగా డాలర్లు మళ్లించే చట్టం చేయించాడు. 2020 జులైలో అరెస్టయ్యాడు. నవంబరులో మళ్లీ గెలిచాడు, ఎందుకంటే బ్యాలెట్ మీద ఇంకో పేరు లేదు. 2021లో సభ బహిష్కరించింది, 2023లో ఇరవై ఏళ్ల శిక్ష పడింది. నియోజకవర్గం ఒక పార్టీకి గుత్తగా ఉంటే నవంబరు ఓటు లాంఛనమే, అసలు పోటీ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలోనే తేలిపోతుంది.

ఒహాయో ప్రైమరీలో ఏ పార్టీ బ్యాలెట్ అడిగితే ఆ పార్టీవాళ్లుగా నమోదవుతారు. అంతే, వేరే కాగితం అక్కర్లేదు. 2016 మార్చిలో ఈ మహోనింగ్ కౌంటీలో ఆరు వేల మందికి పైగా డెమొక్రాట్లు రిపబ్లికన్ బ్యాలెట్ అడిగారు. నవంబరు ఫలితానికి ఎనిమిది నెలల ముందే బల్ల మీద పడిన లెక్క అది. 2012లో ఒబామాకు అరవై శాతం పైన ఇచ్చిన కౌంటీలో హిల్లరీ క్లింటన్ మూడు శాతం తేడాతో బయటపడ్డారు. 2020లో ట్రంప్ గెలిచారు. 1972లో నిక్సన్ తర్వాత ఇక్కడ గెలిచిన తొలి రిపబ్లికన్ అభ్యర్థి ఆయనే.

మ్యూజియం పక్కనే ఉన్న స్టేట్ యూనివర్సిటీని కూడా చూడండి. ఈ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడు బిల్ జాన్సన్ 2024 జనవరిలో సీటు వదిలి దీనికి అధ్యక్షుడిగా వచ్చారు. నియామకం చాటుగా జరిగిందని విద్యార్థులు, పూర్వ విద్యార్థులు నిరసన తెలిపారు.

రాత్రి భోజనానికి బ్రియర్ హిల్ పిజ్జా. ఇటాలియన్ కార్మికుల వాడలో పుట్టింది. దట్టమైన టమాటా సాస్, క్యాప్సికం, పైన రొమానో చీజ్. మాంసం ఉండదు. సెయింట్ ఆంథొనీ చర్చిలో శుక్రవారాలు అమ్మే ఆనవాయితీ ఉంది, ముందే ఫోన్ చేసి చెప్పుకోవాలి.

అయిదో రోజు: లార్డ్స్‌టౌన్, వారెన్

లార్డ్స్‌టౌన్ పదిహేను మైళ్లు. ఒహాయో టర్న్‌పైక్ నుంచి కనిపించే అక్కడి కార్ల ప్లాంట్ వైశాల్యం 62 లక్షల చదరపు అడుగులు. లోపలికి అనుమతి లేదు, చుట్టూ రోడ్డు మీద కారులో తిరిగితే పదిహేను నిమిషాలు పడుతుంది. జనరల్ మోటార్స్ (జీఎం) 1966లో తెరిచింది. 2017 జనవరిలో మూడో షిఫ్టు తీసేశారు, 2018 జూన్‌లో రెండోది. కొత్త బ్లేజర్ కారు మెక్సికోలో చేస్తామని అదే నెలలో చెప్పారు. నవంబరులో ప్లాంట్ ‘అన్‌అలొకేటెడ్’ అన్నారు. మూసేశాం అనలేదు, యూనియన్ ఒప్పందం ప్రకారం అనకూడదు కాబట్టి. ఏ మోడల్ కేటాయించలేదు అని దాని అర్థం. 2019 మార్చి 6న చివరి క్రూజ్ కారు బయటికొచ్చింది.

దానికి ఏడాదిన్నరకు పైగా ముందు, 2017 జులై 25న, యంగ్స్‌టౌన్ సభలో ట్రంప్ ఉద్యోగాలన్నీ తిరిగి వస్తున్నాయి, ఇళ్లు అమ్ముకోకండి అన్నారు. ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. జీఎం కార్మికుడికి ఎదురైన నిర్ణయం సరిగ్గా అదే. టెనెసీకో ఇండియానాకో బదిలీ ఒప్పుకుంటే సర్వీసు, పెన్షన్ నిలుస్తాయి. ఒప్పుకోకపోతే పోతాయి. భార్య ఉద్యోగం, పిల్లల స్కూలు, ముసలి తల్లిదండ్రులు ఇక్కడే ఉంటారు. ఊరంతా ఒకేసారి ఇళ్లు అమ్మకానికి పెడితే ధర పడిపోతుంది. ముందు అమ్మినవాడు బాగుపడతాడు, హామీ నమ్మి ఆగినవాడు నష్టపోతాడు.

తర్వాతి వరస చూడండి. 2019లో లార్డ్స్‌టౌన్ మోటార్స్ అనే కొత్త కంపెనీ ప్లాంట్‌ను 2 కోట్ల డాలర్లకు కొంది. 2022లో తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్‌కు 23 కోట్లకు అమ్మింది. 2023 జూన్‌లో దివాలా పెట్టింది. 2025లో ప్లాంట్ మళ్లీ చేతులు మారింది. రాష్ట్రం ఒక్క పని సరిగా చేసింది. దీర్ఘకాలం ఉంటామని రాసిచ్చి తీసుకున్న పన్ను రాయితీల్లో 2.8 కోట్ల డాలర్లు జీఎం తిరిగి కట్టాలని, 1.2 కోట్లు ఈ లోయలో ఖర్చు చేయాలని 2020లో తేల్చింది. ఒప్పందంలో తిరిగి వసూలు చేసే షరతు ఉండబట్టే అది సాధ్యమైంది. ఆ షరతు లేని రాయితీ ఒప్పందాలే లోకంలో ఎక్కువ.

పక్కనే అల్టియమ్ బ్యాటరీ ప్లాంట్, జీఎం, కొరియా ఎల్‌జీ కలిసి పెట్టినది. 2022లో మొదలైనప్పుడు గంటకు 16.50 డాలర్లు, పాత జీఎం కార్మికుడి జీతంలో సగం. ఆ డిసెంబరులో 710–16తో యూఏడబ్ల్యూ యూనియన్‌ను ఎన్నుకున్నారు. 2024 ఒప్పందంలో మూడేళ్లలో 35 డాలర్లకు చేరేలా సాధించారు. 2025 సెప్టెంబరు చివరతో ఎలక్ట్రిక్ కార్ల పన్ను రాయితీ ముగిసింది, అక్టోబరులో ఇక్కడ లేఆఫ్‌లు ప్రకటించారు. ఈ ఆరు రోజుల్లో చూసే వాటిలో వాషింగ్టన్ నిర్ణయం ఇంత త్వరగా జీతపు చీటీ మీద పడిన చోటు ఇంకోటి లేదు.

వారెన్‌లో ప్యాకార్డ్ ఎలక్ట్రిక్, తర్వాతి పేరు డెల్ఫీ, కార్ల వైరింగ్ చేసేది. ఆ పనిలో పెద్ద భాగం మెక్సికోలోని హువారెజ్‌కు తరలింది. అమెరికా, కెనడా, మెక్సికోల వాణిజ్య ఒప్పందం నాఫ్టా 1993 నవంబరు 17న ప్రతినిధుల సభలో 234–200తో నెగ్గింది. కానీ ప్యాకార్డ్ అంతకుముందే సరిహద్దు దాటింది. 2009లో డెల్ఫీ దివాలా ముగిసేసరికి గంటల లెక్కన పనిచేసిన యూనియన్ కార్మికుల పెన్షన్‌లో తరుగును జీఎం పూడ్చింది. నెలజీతపు ఉద్యోగుల పెన్షన్ మాత్రం కోతపడింది. ఒకే గేటులోంచి ముప్ఫయ్యేళ్లు నడిచినవాళ్లకు రెండు న్యాయాలు. వారెన్‌లో ఈ మాట ఎత్తితే ఇప్పటికీ గొంతులు మారతాయి.

ఆరో రోజు: ఈరీ

ఒహాయో 11 మీద ఉత్తరంగా యాష్టబ్యూలా, అక్కడి నుంచి ఐ-90 మీద తూర్పుకు. వంద మైళ్లు, రెండు గంటల లోపు. ఈస్ట్ లేక్ రోడ్డులో ఒకప్పుడు జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ)ది, 2019 నుంచి వాబ్‌టెక్‌ది అయిన రైలింజన్ల ఫ్యాక్టరీ ఉంది. దాని పక్కన జీఈ వేయించిన లారెన్స్ పార్క్ ఊరు, ఇటుక ఇళ్ల వరసలు. ఇక్కడి పని మొదట పోయింది టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌కు. 2013లో 950 ఉద్యోగాల కోత ప్రకటించినప్పుడు సరిహద్దు దాటాల్సిన అవసరమే లేకపోయింది, యూనియన్ బలం లేని రాష్ట్రం చాలింది.

ఈ ఫ్యాక్టరీకి మనతో ఒక ముడి ఉంది. 2015లో భారతీయ రైల్వే 1,000 డీజిల్ ఇంజన్ల కాంట్రాక్టు జీఈకి ఇచ్చింది. తొలి ఇంజన్లు ఈరీ నుంచి ఓడలో వచ్చాయి, మిగతావి బిహార్‌లోని మఢౌరాలో తయారవుతున్నాయి. 2025లో మఢౌరా నుంచి ఆఫ్రికాలోని గినీకి ఎగుమతి కూడా మొదలైంది. చక్కెర మిల్లు మూతపడిన ఊరికి అది ప్రాణం పోసిన ఫ్యాక్టరీ. ఈరీలో ఇదే మాట వినేవాడికి వేరే అర్థం వస్తుంది. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచిన తర్వాతి పన్నెండేళ్లలోనే అమెరికాలో ఫ్యాక్టరీ ఉద్యోగాలు కోటి డెబ్భై లక్షల పైనుంచి కోటి పదిహేను లక్షలకు దిగాయి. ఒకటి రెండోదానికి కారణం కాదు. చైనాకు శాశ్వత వాణిజ్య హోదా ఇచ్చిన 2000 నాటి 237–197 ఓటు అందుకు ఒక పెద్ద కారణం. కానీ ఒకే కాలం ఒక ఇంట్లో వీసా స్టాంపుగా, ఇంకో ఇంట్లో లేఆఫ్ కాగితంగా వచ్చిందని ఈ దారిలో తిరిగే తెలుగువాళ్లు తెలుసుకుని మాట్లాడటం మర్యాద.

ఈరీ కౌంటీ 2012లో ఒబామాకు భారీ మెజారిటీ ఇచ్చింది. 2016లో ట్రంప్‌కు రెండు వేల లోపు ఓట్ల తేడా, 2020లో బైడెన్‌కు పదిహేను వందల లోపు తేడా, 2024లో మళ్లీ ట్రంప్. ప్రచారానికి అందరూ ఇక్కడికే వస్తారు. పెన్సిల్వేనియా ప్రైమరీలో మాత్రం పార్టీలో నమోదైనవాళ్లకే అభ్యర్థులను ఎంచుకునే ఓటు. ఏ పార్టీ మీదా నమ్మకం లేదని స్వతంత్రుడిగా నమోదైనవాడికి ఆ రోజు బ్యాలెట్‌లో అభ్యర్థుల పేర్లే ఉండవు.

తిరుగు దారి ఐ-79, ఈరీలోనే మొదలవుతుంది. పిట్స్‌బర్గ్ 128 మైళ్లు, టోల్ లేదు. మధ్యాహ్నం రెండింటికి బయల్దేరితే, సాయంత్రానికల్లా పెన్ హిల్స్ చేరొచ్చు. గుడి వేళలు ముందే చూసుకోండి.